నచ్చిన పాట, వచ్చిన పాట

మన యిండ్లలో ఒకప్పుడు పెండ్లిచూపులనాడు పిల్లను "ఏదీ, ఒక పాట పాడుమమ్మా" అని అడుగు వాడుక ఉండెడిది. అడిగినవారికి సంగీతము తెలిసియుండవలెనను నియమమేమియు లేదు. పాడవలసిన పిల్లకు మాత్రము గుండెలు దడదడలాడుచుండెడివి. ఆ క్షణమున ఆమె ఎన్నుకొను పాట ఏది? వినుటకు ఎంత యింపుగా ఉన్నను, ఘనరాగ పంచరత్నముల జోలికి ఆమె పోదు. చిన్ననాటినుండి నోట నానిన ఏ మంగళహారతినో, అమ్మమ్మ పాడగా విన్న ఏ పెండ్లిపాటనో అందుకొనును. ఎవరును చెప్పకయే ఆమెకు తెలిసిన రహస్యమది. ఉద్యోగార్థము జపాను దేశమునకు పోయి, తోటివారితో కలిసి కరావోకే గదిలో కూర్చున్న నాకు అదే రహస్యము బోధపడుటకు ఒక సంవత్సరము పట్టెను.

కరావోకే అను మాట రెండు ముక్కల అతుకు. ‘కర’ యనగా ఖాళీ. ఆర్కెస్ట్రా యను ఆంగ్లపదము జపాను నోట ‘ఓకెసుతొర’ అయి, అందులో తల మాత్రము మిగిలి ‘ఓకె’ అయినది. ఖాళీ మేళమన్నమాట. వాద్యగాండ్రు ఎదుట కనబడరు. వారి వాద్యము మాత్రము వినబడుచుండును. దానిపై మనము పాడుకొనవలెను. తోక్యోలో నెగిషి షిగెఇచి అనునతడు 1967లోనే ఇటువంటి పెట్టెనొకదానిని తయారుచేసెను. కాని ఈ వేడుక దేశమంతట ప్రాకుటకు కారకుడుగా ఎక్కువమంది చెప్పుకొనునది కోబె నగరవాసియైన ఇనొఉఎ దైసుకె పేరు. అతడు మద్యశాలలలో పాడ ముచ్చటపడు పెద్దమనుషులకు వెనుకనుండి వాద్యము వాయించి జీవించుచుండెను. ఒక చిన్న కంపెనీ యజమాని తన విహారయాత్రకు అతనిని తోడు రమ్మనగా, పోవుటకు వీలులేక, ఆ యజమాని పాడు తీరుకు సరిపడునట్లు వాద్యమును టేపుపై ఎక్కించి యిచ్చెనట. ఆ యనుభవమునుండియే 1971లో, నాణెము వేసినచో వాద్యము వినిపించు పెట్టెలను పదునొకండింటిని చేయించి మద్యశాలలకు అద్దెకిచ్చెను. దానిపై పేటెంటు హక్కు తీసికొనలేదు గనుక కోట్లు గడించినవాడు కాలేదు.

ఆ మొదటి టేపు సంగతి నాకు మిక్కిలి ఇష్టము. అది అందరికొఱకు చేసినది కాదు. ఒకానొక గొంతునకు కొలత తీసి కుట్టిన చొక్కా వంటిది. ఈనాడు పాట కొఱకు వెదకువారు ఈ సంగతినే మరచుచున్నారు. "జపాను పాటలలో సులువైనది ఏది?" అని నన్ను చాలమంది అడిగినారు. చొక్కాలలో సరియైనది ఏది యని అడిగినట్లే యుండును ఆ ప్రశ్న. ఎవరి మేనికో చెప్పనిదే సమాధానమెట్లు చెప్పుట?

జపానులో ఏ పట్టణమునకు పోయినను రైలుస్టేషను వెలుపలనే కరావోకే కట్టడములు కనబడును. అంతస్తు అంతస్తునను వరుసగా చిన్న గదులు. గంటల లెక్కను అద్దెకిత్తురు. గదిలో ఒక తెర, రెండు మైకులు, పాటలను వెదకుటకు చేతిలో పట్టుకొను పలక ఒకటి. పూర్వము లావుపాటి పుస్తకమున పాట సంఖ్యను వెదకి నొక్కవలసి యుండెడిది. 1992 ప్రాంతమునుండి తంతిమార్గమున పాటలను తెప్పించుకొను పద్ధతి యేర్పడుటచే, ఇప్పుడా పలకలోనే పాటలు లక్షలకొలది ఉండును. కొండంత గాదెలో మనకు కావలసినది గుప్పెడు గింజలు.

ఇక నా కథ. నేను వెళ్ళిన యేటి చివర మా ఆఫీసువారు ‘బోనెన్‌కఇ’ అనెడి విందు చేసిరి. గడచిన యేటి కష్టములను మరచుటకు చేయు విందని ఆ మాటకు అర్థము. భోజనములైన పిమ్మట పదిమందిమి కరావోకే గదికి పోతిమి. వంతు నాదాకా వచ్చెను. అప్పటికి కొన్ని నెలలుగా నేను రైలులో పోవునప్పుడును వచ్చునప్పుడును మిసొర హిబరి పాడిన ‘కవ నొ నగరె నొ యో ని’ అను పాటను వినుచుంటిని. ‘నదీప్రవాహమువలె’ అని దాని పేరునకు అర్థము. ఆమె మరణించిన 1989వ సంవత్సరముననే విడుదలయైన పాట అది. జపానువారిలో దానిని ఎరుగనివారు అరుదు. అది నాకు నచ్చిన పాట. నచ్చినది గనుక వచ్చినదే యనుకొంటిని.

ఆ పాట ఎత్తుగడ మంద్రమున ఉండును. హాయిగా పాడితిని. పెద్దలు తలలూపిరి. నా గర్వము పెరిగెను. అంతలో పాటకు గుండెకాయవంటి భాగము వచ్చెను. దానిని జపానువారు ‘సబి’ యందురు. మన పల్లవివంటిదే, కాని మన పల్లవివలె ముందు రాదు, ఎత్తుగడ ముగిసిన తరువాత వచ్చును. హిబరి అచ్చట కంఠమును పలుచచేసి పైకి పట్టెడు నైపుణ్యము అసామాన్యము. నా కంఠమో పగిలిన కుండయైనది. రెండవసారి ప్రయత్నించితిని, అదియు లేదు. మిగిలిన పాట పెదవులు కదల్చుటతో సరిపోయెను. ఎవరును నవ్వలేదు. నవ్వినను బాగుండెడిది. అందరును మర్యాదగా, కొంచెము ఎక్కువసేపే చప్పట్లు కొట్టిరి.

ఆ తరువాత పిలుపు వచ్చినప్పుడెల్ల నాకేదో అడ్డంకి వచ్చుచుండెను. ఒకనాడు గొంతు నొప్పి. ఒకనాడు ఊరినుండి ఫోను. ఆరు నెలలు గడచునప్పటికి పిలుపులే తగ్గెను. నేను సిగ్గుచేత తప్పించుకొనుచుండగా, వారు నాకు తమ సాంగత్యము ఇష్టము లేదనుకొనిరి. ఆ దేశమున ఇట్టి సంగతి ముఖముమీద చెప్పరు. పిలుచుట మానివేయుదురు, అంతే. ఆఫీసులో పగలు మాటలాడు మాటలు వేరు, రాత్రి గదిలో ఒకే మైకు చేతులు మారునప్పుడు ఏర్పడు చనువు వేరు. ఆ రెండవది నాకు లేకపోయెను. దాని కొఱత పనిలో కూడ తెలియుచుండెను.

మా విభాగమున అందరికంటె పెద్దవాడొకాయన ఉండెను. ఉత్తరపు ప్రాంతమువాడు, మరుసటి మార్చి నెలతో ఉద్యోగ విరమణ. మితభాషి. ఆయన ఒక శనివారము మధ్యాహ్నము, ఎవరితోను చెప్పక, నన్ను వెంటబెట్టుకొని ఒక కరావోకే గదికి తీసికొనిపోయెను. పగటిపూట అద్దె తక్కువ. ఒంటరిగా వచ్చి సాధన చేసికొనువారు కూడ ఉందురు. కూర్చున్న పిమ్మట ఆయన రెండు ప్రశ్నలడిగెను. "మీకు ఏ పాటలు ఇష్టము?" ఎనిమిదో పదియో చెప్పితిని. "అందులో మీకు వచ్చినవి ఏవి?" నేను మాటలాడలేదు. మన తెలుగులో నచ్చుటకును వచ్చుటకును ఒక్క అక్షరమే తేడా. ఆ యక్షరమును దాటుటకే ఆ మధ్యాహ్నమంతయు పట్టెను.

ఆయన చెప్పిన మొదటి మాట: ఎత్తుగడను నమ్మవద్దు. పాటను పరీక్షింపవలెనన్న సబినుండి మొదలుపెట్టుము. అచ్చట గొంతు నిలిచినచో పాట నీది. నిలువనిచో ఎత్తుగడ ఎంత మధురముగా ఉన్నను వదలివేయుము. ఇంకను జాగ్రత్తపరులైనచో పాట తుదిభాగమును కూడ చూడుడు. క్రొత్త పాటలలో చాలవాటియందు చివరిసారి సబి వచ్చునప్పుడు శ్రుతిని అర మెట్టో ఒక మెట్టో పైకి జరిపెడి అలవాటు ఉన్నది. వినువారికి అది ఉత్సాహము. అప్పటికే అలసిన గాయకునకు అది గుంట.

రెండవది శ్రుతి సంగతి. కరావోకే యంత్రమున పాట శ్రుతిని పైకిని క్రిందికిని జరుపు మీటలున్నవి. ఒక్కొక్క నొక్కునకు హార్మోనియముపై ఒక్కొక్క మెట్టు, నల్లదైనను తెల్లదైనను, జరుగును. మనవారిలో ఒకరు ఒకటిన్నర శ్రుతిలోను, ఇంకొకరు ఐదు శ్రుతిలోను పాడుదురు. అందులో ఎవరికిని తప్పు కనబడదు. త్యాగరాజస్వామి ఏ శ్రుతిలో పాడెనో ఆ శ్రుతిలోనే మనమును పాడవలెనని ఎవరందురు? అయినను కరావోకే గదిలో కూర్చున్న క్రొత్తవారు, రికార్డులోని శ్రుతిని దింపుట ఓటమి యనుకొందురు. నేనును అట్లే యనుకొంటిని. ఆ పెద్దమనిషి నా చేతిలోని పలకను తీసికొని, ఏమియు అనకుండ మూడు మెట్లు దించి తిరిగి యిచ్చెను. నెలల తరబడి నన్ను వేధించిన సబిలో సగము భాగము అప్పుడు పలికెను. మిగిలిన సగము పలుకలేదు. అందుచే హిబరిని ఆ రోజుతో విడిచిపెట్టితిమి. స్త్రీలు పాడిన పాటను మగవాడు పాడదలచినచో కొన్ని మెట్లు దింపుట చాలదు. ఒక స్థాయి క్రిందికే పోవలసి వచ్చును, అప్పుడు ఎత్తుగడ మరీ లోతైపోవును. ముందుగా తన వంటి గొంతుగల గాయకుని పాట వెదకుకొనుట మేలు.

ఇక భాష. జపాను భాష రాదు, పాట ఎట్లు పాడుట యని భయపడువారికి నేనొక మాట చెప్పగలను. తెలుగువారికి ఈ విషయమున ఇతరులకు లేని సౌకర్యమొకటి ఉన్నది. మనది అజంతభాష, జపానులోను మాటలు చాలవరకు అచ్చుతోనే ముగియును, లేదా ‘న్’ తో. అచ్చులు అ, ఇ, ఉ, ఎ, ఒ అనునవి ఐదు. ప్రతిదానికి దీర్ఘము కలదు. హ్రస్వములైన ఎ, ఒ లను పలుకుటకు ఉత్తరాదివారు ఇబ్బందిపడుదురేమో కాని మనకు అవి పుట్టుకతో వచ్చినవి. వారి అక్షరమాల వరుసయే అ క స త న హ మ య ర వ. బౌద్ధభిక్షువులు అభ్యసించిన సంస్కృత వర్ణక్రమము దీనికి మూలమని పండితులు చెప్పుదురు. ‘హిరగన’ అను నలువదియారు అక్షరములు నేర్చినచో తెరపైని పాటను కూడబలుకుకొనవచ్చును. కఠినమైన చీనాలిపి అక్షరములపైన కూడ చిన్న హిరగన అచ్చువేసి చూపుదురు. కాలము గడచుకొలది అక్షరముల రంగు మారుచుండును గనుక ఎచ్చట ఉన్నామో తెలియును.

ఇంతకంటె ముఖ్యమైనది మాత్ర. జపానువారు మాటలను కొలుచునది మన ఛందస్సులోని మాత్రతోనే అనదగును. ‘కితె’ యన్న రెండు మాత్రలు, రమ్మని అర్థము. ‘కిత్తె’ యన్న మూడు మాత్రలు, తపాలాబిళ్ళ యని అర్థము. ద్విత్వమునకు ముందున్న అక్షరము గురువగునని మనము పాఠశాలలో నేర్చితిమి. వారు నేర్వకయే అట్లు లెక్కింతురు. ‘నిప్పొన్’ అన్న రెండు గురువులు, నాలుగు మాత్రలు. ‘తోక్యో’ యన్నను అంతే. ఆంగ్లేయులకు ఈ లెక్క అందక ఇబ్బందిపడుదురు. దీర్ఘమును తప్పుట వలన ప్రమాదము కూడ కలదు. ‘ఒబసన్’ అనగా పినతల్లి లేక మేనత్త. ‘ఒబాసన్’ అనగా అవ్వ. నడివయసు యిల్లాలిని మొదటిమాటతో పిలుచుటకే సంకోచింపవలసి యుండగా, దీర్ఘమిచ్చినచో ఏమగునో ఊహించుకొనుడు.

ప్రాత జపాను పాటలలో సామాన్యముగా మాత్రకొక స్వరముండును. చివరనున్న ‘న్’ కు కూడ ఒక స్వరమిత్తురు. ఇచ్చట మనవారు పొరపడుదురు. మనము దానికి ముందున్న అచ్చును సాగదీసి ‘న్’ ను చివర తగిలించి విడుతుము. వారు పెదవులు విడిచియే, నాలుకను పైకి తాకించి, ఆ ‘న్’ మీదనే నిలుతురు. మాటలలో సగము మ్రింగివేయు ‘సు’ వంటి అక్షరములు పాటలో నిండుగా పలుకును. ఈ రెండు తెలిసికొన్నచో ఉచ్చారణ చాలవరకు చక్కబడినట్లే. కాని ఇటీవలి పాటలలో ఒక్క స్వరమునకు రెండు మూడు మాత్రలు ఇరికించుచున్నారు; నడుమ ఆంగ్లపదములు చొప్పించుచున్నారు. క్రొత్తవారికి ప్రాత పాటలు సులువగుటకు మొదటి కారణమిదే.

రెండవ కారణము స్వరములలో ఉన్నది. ఇరువదవ శతాబ్ది ఆరంభమునుండి జపాను జనప్రియ గీతములలో విరివిగా వాడబడిన స్వరశ్రేణికి ‘యొననుకి’ యని పేరు. ‘యొ’ యన నాలుగు, ‘న’ యన ఏడు, ‘నుకి’ యన తీసివేయుట. నాలుగవది మధ్యమము, ఏడవది నిషాదము. ఆ రెండును తీసివేయగా మిగులునవి స రి గ ప ద. అనగా మన మోహన! ఇందులో విషాదఛాయ గల మరియొక రకము కలదు. అది మన శివరంజనికి దగ్గరిదే గాని ధైవతము ఒక మెట్టు క్రిందిది. శివరంజని విని పెరిగిన చెవి అచ్చట తెలియకయే పై ధైవతమును పట్టును. నేను చాలసార్లు అట్లు తప్పితిని. మోహన రకమునందు ఆ బాధ లేదు. మొదటిపాట మోహనలోనిది కానిండు. ఇది నా సలహా.

అట్టి పాటలలో నేను ముందుగా చెప్పునది ‘ఉఎ ఓ ముఇతె అరుకో’. తలపైకెత్తి నడతమని పేరునకు అర్థము. కన్నీరు జారకుండుటకు అట్లు నడచుటయని భావము. 1961లో వెలువడినది. సాహిత్యము ఏఇ రొకుసుకె, స్వరరచన నకముర హచిదఇ, గానము సకమొతొ క్యూ. 1960లో అమెరికాతోడి రక్షణ ఒడంబడికకు వ్యతిరేకముగా జరిగిన ఆందోళన విఫలము కాగా, ఆ నిరాశతో ఇల్లుచేరుచు కవి ఈ భావమును అల్లెనని చెప్పుదురు. పాటలో రాజకీయమేమియు లేదు. ఒంటరిగా నడచువాడొకడే ఉన్నాడు. 1963 జూనులో ఈ పాట జపాను భాషలోనే అమెరికాలోని బిల్‌బోర్డు పట్టికయందు మూడు వారములు మొదటి స్థానమున నిలిచెను. పేరు మాత్రము పలుకలేక పాశ్చాత్యులు దానికి ‘సుకియకి’ యని పెట్టుకొనిరి. సుకియకి యన మాంసముతో వండు ఒక వంటకము. పాటకును దానికిని ఏ సంబంధమును లేదు. మన విషాదగీతమునకు ఎవరైన పులుసుకూర యని పేరుపెట్టినట్లు! సకమొతొ క్యూ 1985 ఆగస్టు 12న విమాన ప్రమాదమున మరణించెను. అప్పటికాయన వయస్సు నలువదిమూడు.

ఈ పాట ఏల సులువు? నడక వేగమున ఉన్నది. నిజముగా నడచుచు సాధన చేయవచ్చును. చాలవరకు మోహన స్వరములే. నడిమి భాగమున మాత్రము మధ్యమము తొంగిచూచును. పాదములు పొట్టివి, ప్రతి పాదము చివరను ఊపిరి తీయుటకు చోటున్నది. ఎత్తుగడ మాటిమాటికి తిరిగివచ్చును గనుక కంఠస్థము చేయవలసినది తక్కువ. ఒక భాగమున మాటలే లేవు, ఈలయే. అన్నిటికంటె మేలైన సంగతి, గదిలోనున్న అందరికిని ఆ పాట వచ్చును; మీరు ఆగినచోట వారందుకొందురు. ఒక్క హెచ్చరిక: సకమొతొ పాశ్చాత్య రాకబిల్లీ బాణీనుండి వచ్చినవాడు, అచ్చులను విరిచి, వెక్కిళ్ళవలె పలికించును. అది ఆయన సొత్తు. దానిని అనుకరింపక, ఉన్న స్వరమును ఉన్నట్లు పాడినను పాట చక్కగానే యుండును.

పిల్లలున్న యిండ్లవారికి ‘సంపొ’ యను పాట మేలు. ‘సంపొ’ యన షికారు. 1988లో వచ్చిన తొతొరో బొమ్మల చలనచిత్రము కొఱకు హిసఇషి జో స్వరపరచెను. కవాతు నడకగల పాట. మూడేండ్ల పిల్లకు కూడ పట్టుబడును. పెద్దల గదిలో పాడినను ఎవరును చిన్నచూపు చూడరు. అందరును తమ పిల్లల బాల్యమును తలచుకొందురు.

2003లో స్మాప్ అను ఐదుగురి బృందము పాడిన ‘సెకఇ ని హితొత్సు దకె నొ హన’ కూడ క్రొత్తవారికి తగినది. లోకమున ఒక్కటేయైన పువ్వు అని అర్థము. రచనయు స్వరమును మకిహర నొరియుకివి. ఐదుగురు కలిసి ఏకకంఠముగా పాడుటకు పనికివచ్చిన పాట యగుటచే, అందులో ఏ యొక్కరి గొంతును చిక్కునబడునంత ఎత్తు లేదు. పలువురు కూడి పాడిన పాటను వెదకుట ఒక మంచి ఉపాయమని నేను దీనినుండియే గ్రహించితిని.

నిదానముగా సాగు పాటలు సులువని చాలమంది భ్రమ. ‘నద సోసో’ యను పాట వినుడు. 2001లో నత్సుకవ రిమి పాడినది ప్రసిద్ధము. ఒకినవ దీవులవారి మాటలో కన్నీరు జలజల రాలుట యని పేరునకు అర్థము. చిన్నవయస్సున పోయిన తన అన్నను తలచుకొని మొరియమ ర్యోకొ వ్రాసినది. వినుటకు జోలపాటవలె ఉండును. పాడబోయినచో పాదము పొడవు తెలియును. ఊపిరి చాలక చివరి అక్షరములు వణకును. వేగముగల పాట నాలుకను పరీక్షించును, నిదానపు పాట ఊపిరిని పరీక్షించును. మీకు రెంటిలో ఏది బలమో మీకే తెలియవలెను. నా మట్టుకు నాకు ఊపిరి తక్కువ. అందుచే ఈ పాటను ఇంటిలో వినుటతో తృప్తిపడుచున్నాను.

2019 చివర వెలువడిన ‘యొరు ని కకెరు’ వంటి పాటల సంగతి వేరు. యొఅసొబి యను జంట రచన. యువకులు ఆశపడుదురు; వేగము, దూరపు గంతులు, ఊపిరికి ఎడము లేకపోవుట, మూడును కలిసి ఉన్నవి. అట్టి పాటకు నేను శ్రోతను మాత్రమే.

‘ఎంక’ యను ప్రాతబాణీ పాటలను గూర్చి కొంచెము చెప్పవలెను. అందులో ‘కొబుషి’ యను కంఠకంపనము ఉండును. మన గమకమునకు చుట్టము. సంగీతము నేర్చిన తెలుగువారు అది వినగానే ఉత్సాహపడి, సంగతులు వేయ మొదలిడుదురు. వద్దు. వారి కంపనము పాదము చివర ఒక్కచోట మెరసి మాయమగును. మన గమకము స్వరమంతట ప్రాకును. ఒకటి మరొకదానిపై పెట్టినచో రెండును చెడును. వట్టి స్వరములనే పాడుడు. ఎంకలో సులువైనది 1977లో సెన్ మసఓ పాడిన ‘కితగుని నొ హరు’. ఉత్తరదేశపు వసంతమని అర్థము. పట్టణమునకు వచ్చి స్థిరపడినవాడు సొంత ఊరిని తలచుకొను పాట. ఇదియు మోహన స్వరములదే. చీనావారును తమ భాషలో పాడుకొనుచున్నారు.

అయితే ఈ పాటను నేను మా ఆఫీసువారి యెదుట ఎన్నడును పాడలేదు. దానికి కారణమున్నది. జపానున ప్రతివానికి తనదని పేరుపడిన పాట ఒకటి ఉండును. దానిని ‘జూహచిబన్’ అందురు. పదునెనిమిదవ సంఖ్య యని మాటకు అర్థము. కబుకి నాటకములలో ఇచికవ వంశపు ఏడవ దంజూరో తమ యింటి సొత్తుగా పదునెనిమిది నాటకములను ఏర్పరచుటనుండి వచ్చిన పలుకుబడి ఇది. ఒకరి జూహచిబన్ పాటను వారికంటె ముందు పాడుట మర్యాద కాదు. ‘కితగుని నొ హరు’ మా పెద్దమనిషిది. పాట ఎన్నుకొనుటకు ముందు, ఎదుట ఎవరున్నారో వారి పాట ఏదో కనుగొనుట కూడ ఎన్నికలో భాగమే. మిగిలిన మర్యాదలు స్వల్పములు: ఆరు నిమిషములు మించు పాట వలదు, ఇతరులు పాడునప్పుడు పలకలో తల దూర్చుకొని కూర్చుండరాదు.

మార్చి నెలాఖరున ఆయనకు వీడ్కోలు విందు జరిగెను. నన్ను పిలుచుదురో లేదో యని సందేహించితిని. ఆయనయే స్వయముగా వచ్చి పిలిచెను. ఆ సరికి నెలన్నరగా నేను నిషి-కసఇలో మా ఇంటినుండి స్టేషనుకు నడచుచు ‘ఉఎ ఓ ముఇతె అరుకో’ పాడుకొనుచుంటిని. ఆ ప్రాంతమున మన దేశస్థులు పెక్కుమంది గలరు. ఎదురైన తెలుగువారెవరో నన్ను చూచి నవ్వుకొనియు ఉందురు. గదిలో నా వంతు రాగా పలక తీసికొని శ్రుతిని రెండు మెట్లు దించితిని. చేతులు చల్లబడినవి. సబివంటి భాగమును దాటితిని, గొంతు నిలిచెను. ఈల వచ్చుచోట మాత్రము నా పెదవులు ఎండిపోయి, గాలి తప్ప ఏమియు రాలేదు. అప్పుడు మూలనున్న ఒకామె ఈల అందుకొనెను; వెనువెంటనే మరి ముగ్గురు. చివరి చరణము పదునైదుగురమును కలిసి పాడితిమి. ఈసారి చప్పట్లు ఎంతసేపు కొట్టిరో నేను గమనించలేదు.

తరువాత వంతు ఆయనది. అందరును ‘కితగుని’ అని కేకలు వేసిరి. తెరమీద పేరు పడెను. మైకు అందుకొనుటకు ముందు ఆయన నా ప్రక్కనున్న పలకను తీసికొని, తన పాట శ్రుతిని మూడు మెట్లు దించెను. నేను చూచుట చూచి, "నిరుడు రెండే" అని నా చెవిలో చెప్పి, పాడుటకు లేచెను.